మిరుగుకు మొదలుపెట్టండి: మందుల్లేకుండా ఇంటి కూరగాయలు

వరంగల్‌లో కొత్తగా కూరగాయల మొక్కలు పెట్టేవాళ్లు ఎక్కువగా ఏప్రిల్‌లోనే మొదలుపెడతారు. పిల్లలకు సెలవులు, ఇంట్లో కాస్త తీరిక. నర్సరీకి పోయి నాలుగు టమాట, రెండు మిరప మొక్కలు తెస్తారు. మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలకు పోయేసరికి ఆకులు మాడతాయి, పూత రాలుతుంది, "మన చేతికి మొక్కలు అచ్చిరావు" అనుకుని తొట్లు మూలకు పెడతారు. తప్పు చేతిది కాదు, నెలది. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాట పూత సరిగ్గా కాయ కట్టదు. ఎంత ఎరువు వేసినా, ఎన్ని నీళ్లు పోసినా అంతే.

మిరుగు దాకా ఆగండి. మిరుగు అంటే మృగశిర కార్తె, జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. రెండు మంచి వానలు పడి నేల చల్లబడ్డాక విత్తనం వేస్తే సగం పని వానే చేసిపెడుతుంది. అప్పటిదాకా చేయాల్సిన పని వేరే ఉంది, అది మట్టి పని.

ముందు ఎండ, తర్వాత బరువు

పెరడైనా డాబా అయినా ఒకరోజు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూసి ఎండ ఎక్కడెక్కడ పడుతుందో గుర్తుపెట్టుకోండి. కాయ కాసే మొక్కలన్నిటికీ కనీసం ఆరు గంటల ఎండ కావాలి. మూడు నాలుగు గంటలే పడే చోటు ఉంటే అక్కడ పాలకూర, కొత్తిమీర, పుదీన వేసుకోండి. అక్కడ వంకాయ పెట్టి కాయలేదని బాధపడితే లాభం లేదు.

డాబా మీద పెట్టేవాళ్లు బరువు సంగతి మరిచిపోవద్దు. 40 లీటర్ల గ్రో బ్యాగు మట్టి తడిస్తే 50 కిలోలు దాటుతుంది. అట్లాంటివన్నీ స్లాబు నడిమధ్యలో గుంపుగా పెట్టకుండా గోడల మీదుగా, బీముల మీదుగా వరుసగా సర్దండి. కింద రెండు ఇటుకలు పెడితే నీళ్లు నిలవవు, స్లాబుకు చెమ్మ పట్టదు.

ఎన్ని తొట్లు? మొదటి ఏడాది పదికి మించొద్దు. ఎక్కువ పెడితే ఒక్కోదాన్ని రోజూ చూసే ఓపిక ఉండదు, చూడని మొక్కకే పురుగు పడుతుంది. మిరపకు 10, 12 లీటర్ల తొట్టి చాలు. టమాట, వంకాయకు 15 నుంచి 20 లీటర్లు, బీర, సోర లాంటి తీగలకు 40 లీటర్లు ఉండాలి. ఆకుకూరలకు లోతు అక్కర్లేదు, ఆరేడు అంగుళాలున్న వెడల్పాటి టబ్బు సరిపోతుంది.

ఎండాకాలంలో మట్టి పని

మన దగ్గర ఎక్కువ చోట్ల ఎర్ర చెలక నేలే. నీళ్లు తొందరగా దిగిపోతాయి, సత్తువ తక్కువ. నల్లరేగడి ఉన్నచోట సత్తువ ఉంటుంది కానీ వానాకాలంలో నీళ్లు నిలిచి వేర్లు కుళ్లుతాయి, ఎండకు నెర్రెలు బారుతుంది. రెండిటికీ మందు ఒకటే, బాగా మాగిన పశువుల ఎరువు. తొట్లకైతే ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన ఎరువు లేదా వర్మీకంపోస్టు రెండు పాళ్లు, కొబ్బరి పీచు పొట్టు ఒక పాలు కలపండి. ఒక్కో తొట్టికి రెండు గుప్పెళ్ల వేపపిండి వేయండి, వేర్లకు ముడులు కట్టించే నులిపురుగులు తగ్గుతాయి.

పచ్చి పేడ మాత్రం వేయొద్దు. మాగేటప్పుడు వేడి పుట్టి లేత వేర్లను కాలుస్తుంది, పైగా తెల్లగా, లావుగా ముడుచుకుని ఉండే వేరుపురుగులూ చెదలూ దానితోనే వస్తాయి. ఎరువు చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకూడదు, తొలకరి వానకు తడిసిన మట్టి వాసన రావాలి.

మే నెల ఎండ ఊరికే పోనివ్వకండి. మట్టిని డాబా మీద పలచగా పరిచి, కాస్త తడిపి, పైన పలచటి, అవతలిది కనబడే పాలిథిన్ కవరు కప్పి, అంచులకు రాళ్లు పెట్టి నాలుగు వారాలు వదిలేయండి. లోపల పుట్టే వేడికి తెగుళ్ల బీజాలు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. తర్వాత మంచి బూజు ఎక్కించాలి. పది కిలోల మాగిన ఎరువుకు కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే బూజు పొడి కలిపి, చెమ్మ చిలకరించి, గోనెపట్టా కప్పి నీడలో వారం పది రోజులు ఉంచండి. పైన బూజు లాగా పడుతుంది, అది కావలసిందే. ఆ ఎరువును తొట్లలో కలిపితే నారుకుళ్లు, వేరుకుళ్లు బాగా తగ్గుతాయి.

ఏ కాలానికి ఏది

మిరుగు, ఆరుద్ర కార్తెల్లో బెండ, గోకర, బీర, కాకర, సోర, పుంటికూర నేరుగా విత్తుకోవచ్చు. వంకాయ, మిరప, టమాట నారు పోసుకోవచ్చు. కొత్తవాళ్లకు నేను బెండ, పుంటికూర, తోటకూర, వంకాయ చెప్తాను. బెండ విత్తిన 45, 50 రోజులకే కాయ కోస్తారు, తోటకూర నెలలోపే కూరకొస్తుంది. కొత్తలో ఏదో ఒకటి తొందరగా వంటింట్లోకి రావాలి, లేకుంటే ఉత్సాహం నిలవదు.

చిక్కుడు తీగ జూన్, జులైలోనే పెట్టాలి కానీ దసరా దాటేదాకా పూత కోసం చూడొద్దు. పందిరి చిక్కుడు పగలు కురచబడితేనే పూస్తుంది. ఆగస్టులో తీగ ఏపుగా పెరిగి ఒక్క పువ్వూ లేదని పీకేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

అక్టోబర్ నుంచి పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్. టమాట అయితే మన దగ్గర చలికాలంలోనే దాని అసలు రూపు చూపిస్తుంది. ఎండాకాలానికి 50 శాతం షేడ్ నెట్ కింద తోటకూర, గంగవాయిలి, బచ్చలి చాలు.

మిరప పెట్టాలనుకుంటే చపాటా రకం వెతకండి. పొట్టిగా, బొద్దుగా, ఎర్రగా ఉండి కారం తక్కువగా ఉంటుంది, టమాట మిర్చి అని కూడా అంటారు. మన జిల్లా రకమే, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

బంతి మాత్రం మరిచిపోవద్దు. టమాట నాటడానికి పదిహేను, ఇరవై రోజుల ముందే మూలల్లో నాలుగు బంతి మొక్కలు పెట్టండి. టమాట కాయను తొలిచే శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు టమాట కన్నా బంతి మొగ్గల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. అయితే బంతి పెట్టి ఊరుకుంటే సరిపోదు, మొగ్గల్లో పురుగు కనబడితే ఏరేయాలి, లేదంటే మీరే పురుగులకు ఇల్లు కట్టిచ్చినట్టు. జులైలో పెట్టిన బంతి బతుకమ్మ నాటికి పూస్తుంది, పువ్వుల ఖర్చూ తగ్గుతుంది.

విత్తనం, నీళ్లు

బెండ విత్తనాలు ఒక రాత్రి, కాకర విత్తనాలు ఒక రోజంతా నానబెట్టి విత్తండి. విత్తనాన్ని దాని మందానికి రెండింతల లోతులో పెడితే చాలు. నారు పోసిన ట్రేలో రోజుకు మూడుసార్లు నీళ్లు చల్లడం వల్లే నారు మొదలు దగ్గర మెత్తబడి పడిపోతుంది. పైమట్టి ఆరినట్టు కనబడ్డాకే చల్లండి. నాలుగైదు ఆకులు వచ్చాక, సాయంత్రం పూట నాటండి.

పెద్ద మొక్కలకు పొద్దున్నే, మొదలు దగ్గర నీళ్లు పోయాలి, ఆకుల మీద కాదు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి, చెమ్మ తగిలితే ఆ రోజు మానేయండి. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచెత్తితే టమాట కాయ అడుగు నల్లబడుతుంది. అది తెగులు కాదు, నీళ్ల హెచ్చుతగ్గులకు కాయకు కాల్షియం అందక వచ్చేది. వరిగడ్డి మనకు కొదవ లేదు, మొక్క చుట్టూ రెండు అంగుళాల మందం పరిస్తే చెమ్మ నిలుస్తుంది, వానకు మట్టి చిట్లి ఆకుల మీద పడదు.

సత్తువకు పదిహేను రోజులకోసారి జీవామృతం ఇవ్వండి. ఇంటి కొలత ఇది: పది లీటర్ల నీళ్లకు అర కిలో ఆవు పేడ, అర లీటరు ఆవు మూత్రం, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల శనగపిండి, గుప్పెడు మట్టి. ఆ మట్టి రసాయనాలు పడని చోటిది, గట్టు మీదదో చెట్టు కిందదో అయ్యుండాలి. నీడలో 48 గంటలు ఉంచి పూటకోసారి కర్రతో తిప్పండి. ఒక్కో తొట్టికి గ్లాసెడు జీవామృతానికి పది గ్లాసుల లెక్కన నీళ్లు కలిపి సరిపడా పోయండి. ఇది పురుగుల మందు కాదు, భూమికి మేత. ఎరువు ఎక్కువేస్తే ఎక్కువ కాస్తుందన్న ఆశతో రోజూ ఏదో ఒకటి పోయకండి. లేతగా, ముదురాకుపచ్చగా ఉబ్బిన ఆకును పేనుబంక ముందు పట్టుకుంటుంది.

రోజూ పది నిమిషాలు ఆకు తిప్పి చూడండి

పురుగు కనబడగానే "ఏం మందు కొట్టాలి?" అని అడగడం మన జిల్లాకు అలవాటైపోయింది, పత్తి, మిర్చి నేర్పిన అలవాటు అది. 2021-22లో రసం పీల్చే నల్ల తామర పురుగు (త్రిప్స్) మిర్చి తోటలను ఊడ్చిపెట్టుకుపోయినప్పుడు మందు మీద మందు కొట్టినా ఆగలేదు. మరోవైపు జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలోని ఏనబావి 2006లోనే ఊరు ఊరంతా రసాయనాలు మానేశామని ప్రకటించుకుంది. పొలాల్లో చేయగలిగింది పది తొట్లలో చేయలేమా?

ఇంటి తోటలో అసలు మందు కళ్లే. పొద్దున టీ తాగుతూ ప్రతి మొక్క దగ్గరా ఒక ఆకు తిప్పి అడుగుభాగం చూడండి. ఏం కనబడుతుందో దాన్ని బట్టి పని ఉంటుంది.

చిక్కుడు కొసల్లో, బెండ లేతాకుల కింద నల్లగానో ఆకుపచ్చగానో గుంపులుగా అతుక్కుని ఉంటే పేనుబంక. మొదటి రోజే చూస్తే మందే అక్కర్లేదు. పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి కడిగేయండి, రెండు మూడు రోజులు వరుసగా. మంచు పడి ఆకు తడిగా ఉన్నప్పుడు కట్టెల బూడిద పలచగా చల్లడం పాత పద్ధతి, అదీ పనిచేస్తుంది. కొమ్మ మీద చీమల బారు కనబడితే పైన పేనుబంకో పిండినల్లో ఉందని అర్థం. అవి కార్చే తీపి కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి. చీమలను ఆపకపోతే మిగతాదంతా వృథా.

తెల్లగా పిండి రాసినట్టుంటే పిండినల్లి. సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచేయండి, బాగా పట్టిన కొమ్మను కత్తిరించి సబ్బు నీళ్లలో వేయండి.

మొక్కను కదిపితే తెల్లటి చిన్న దోమలు లేస్తే తెల్లదోమ. అది రసం పీల్చడం కంటే వైరస్ మోసుకొచ్చేదిగా ఎక్కువ ప్రమాదం. బెండాకు ఈనెలు పసుపు పచ్చగా తేలితే పల్లాకు తెగులు, దానికి మందు లేదు. ఆ మొక్కను జాలి పడకుండా పీకి పారేయండి, ఒక్కదాన్ని ఉంచితే మిగతా వాటికీ పాకుతుంది. ఈ తెగులును తట్టుకునే అర్క అనామిక లాంటి రకం వేసుకుంటే మేలు. పసుపుపచ్చ అట్టకు ఆముదం పూసి మొక్క ఎత్తులో వేలాడదీస్తే తెల్లదోమ, పేనుబంక రెక్కల పురుగులు అతుక్కుంటాయి. తామర పురుగుకు నీలం రంగు అట్ట కట్టాలి.

మిరప ఆకు ముడత అనేసరికి అందరూ ఒకే మందు అడుగుతారు. ఆకు అంచులు పైకి, పడవలాగా ముడుచుకుంటే తామర పురుగు పని. అంచులు కిందికి ముడుచుకుని ఆకు సాగినట్టుంటే నల్లి పని. మొదటిదానికి వేప, నీలం అట్టలు. రెండోదానికి నీళ్లలో కరిగే గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు, అదీ చల్లటి రోజుల్లోనే. ఎండ 35 డిగ్రీలు దాటిన రోజుల్లో గంధకం కొడితే ఆకులు మాడతాయి, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు కూడా కొట్టొద్దు. ఆకులు చిన్నవై పసుపుబారి మొక్క గిడసబారితే వైరస్, పీకేయడమే.

వంకాయ కొస ఒక్కటే వాడి వేలాడుతుంటే లోపల మొవ్వు తొలిచే పురుగు ఉంది. వాడిన చోటుకు ఒక అంగుళం కిందికి కత్తిరించండి. ఆ ముక్కను పక్కన పడేస్తే పురుగు బయటికొచ్చి మళ్లీ రెక్కల పురుగవుతుంది, సబ్బు నీళ్ల డబ్బాలో వేయండి. పుచ్చు కాయలనూ అంతే. వారానికోసారి ఈ పని వదలకుండా చేస్తే కాయల్లో పురుగు చాలా తగ్గుతుంది. ఈ పురుగు లోపల దాక్కుంటుంది కాబట్టి పైన ఎన్ని కషాయాలు కొట్టినా దానికి తగలవు.

ఇక చంపకూడనివి. అక్షింతల పురుగుల్లో రెండు రకాలుంటాయి. ఎర్రగా మెరుస్తూ కొద్ది చుక్కలో చారలో ఉన్నది పేనుబంకను తింటుంది. దాని పిల్ల నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో చూడ్డానికి భయంగా ఉంటుంది, తెలియనివాళ్లు ముందు దాన్నే నలిపేస్తారు. వంకాయ, కాకర ఆకుల మీద మెరుపు లేకుండా, ఒళ్లంతా బోలెడు చుక్కలతో ఉండేది మాత్రం ఆకు గీకి జల్లెడ చేసేది. దాని పిల్ల పసుపుపచ్చగా ముళ్లతో ఉంటుంది. ఆకు వెనక పసుపు గుడ్ల గుంపు కనబడితే దగ్గర్లో పేనుబంక ఉందా, ఆకు గీకుడు ఉందా చూసి అప్పుడు తేల్చుకోండి. సాలీళ్లను, తొండలను ముట్టుకోకండి.

కషాయం ఎప్పుడు, ఎట్లా

ఏరినా, కడిగినా ఆగకపోతేనే పిచికారీ. వేపగింజల కషాయాన్ని మించింది నాకు కనబడలేదు, పైగా గింజలు ఉచితం. జూన్, జులైలో వేప చెట్ల కింద పండ్లు రాలుతాయి. ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి గోనెసంచిలో దాచుకోండి. ప్లాస్టిక్ డబ్బాలో పెడితే బూజు పడుతుంది. కావాల్సినప్పుడు పై పెంకు తీసిన 50 గ్రాముల పప్పును దంచి, గుడ్డలో మూటగట్టి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున మూటను బాగా పిండి వడకట్టి, రెండు చెంచాల కుంకుడు రసం కలపండి, ఆకుకు అంటుకుంటుంది. బట్టల సబ్బు పొడి వాడొద్దు, ఆకు కాలుతుంది.

ఆ రోజు చేసింది ఆ రోజే వాడాలి. ఎండ తగ్గాక, సాయంత్రం, ఆకుల అడుగు తడిసేలా కొట్టండి. సాయంత్రమైతే వేపలో ఉండే గుణం ఎండకు విరగదు, తేనెటీగలూ ఇంటికి పోయి ఉంటాయి. కొట్టగానే పురుగు కిందపడదు. తిండి మానేస్తుంది, కుబుసం విడవలేక కొద్ది రోజుల్లో పోతుంది. మర్నాడే "పనిచేయలేదు" అని ఇంకో మందుకు పోకండి. వారం తర్వాత మళ్లీ ఒకసారి కొట్టండి.

గింజలు లేనివాళ్లు వేపనూనె కొనుక్కోవచ్చు. సీసా మీద వేప గుణం ఎంత గాఢంగా ఉందో పీపీఎంలో రాసి ఉంటుంది. 1500 పీపీఎం అని ఉంటే లీటరుకు 5 మి.లీ., 10,000 పీపీఎం అని ఉంటే 1 నుంచి 2 మి.లీ. చాలు. ముందు నూనెను కుంకుడు రసంలో గిలక్కొట్టి తర్వాత నీళ్లు కలపాలి, లేకుంటే నూనె పైకి తేలి ఆకులు మాడతాయి. ఏ కషాయమైనా మొదట ఒక కొమ్మ మీద కొట్టి మర్నాడు చూశాకే మిగతా మొక్కలకు.

బీర, దోస ఆకుల మీద బూడిద చల్లినట్టు తెల్లమచ్చలొస్తే నాలుగు రోజులు పులిసిన మజ్జిగ 100 మి.లీ.కి లీటరు నీళ్లు కలిపి వారానికోసారి కొట్టండి. క్యాబేజీ, టమాట మీద ఆకు తినే లద్దె పురుగులు బాగా ఎక్కువైతే బీటీ పొడి (లద్దె పురుగులను చంపే బ్యాక్టీరియా మందు) లీటరుకు గ్రాము, అదీ సాయంత్రమే.

పొగాకు కషాయం మాత్రం వద్దంటాను. సహజమైనదే కదా అని చాలామంది చెప్తారు. కానీ అందులోని నికోటిన్ మనిషికీ విషమే. పొగాకుతో వచ్చే మొజాయిక్ వైరస్ టమాటకు, మిరపకు అంటుకుంటుంది. బీడీ, సిగరెట్ ముట్టిన చేతులతో ఆ మొక్కలను ముట్టకపోవడమే మంచిది.

తీగల సంగతి

సోర, బీర, కాకర పిందెలు పసుపుబారి రాలిపోతే రెండు కారణాలుంటాయి. పిందె మీద సన్నటి గాటు, కోస్తే లోపల తెల్ల పురుగులుంటే పండు ఈగ. దానికి మగ ఈగలను లాగే క్యూల్యూర్ ఎర వేసిన బుట్టలు దొరుకుతాయి, తోటకు ఒకటి కట్టండి. రాలిన పిందెలను ఏ రోజువి ఆ రోజే ఏరేయండి, మంచి పిందెలకు కాగితం సంచి తొడగండి. గాటు లేకుండా రాలితే తేనెటీగలు రాక పరాగం అందలేదన్నమాట. మగ పువ్వు తెంపి, రేకులు తీసి, వెనక చిన్న పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో తాకించండి. సోర, బీర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, దోస, గుమ్మడి పొద్దున. వేళ తప్పితే పని జరగదు.

ఎంత చూసినా ఏమిటో తేలని పురుగో మచ్చో ఉంటే ఆకును కాగితంలో చుట్టి మామునూరు కృషి విజ్ఞాన కేంద్రానికో, ములుగు రోడ్డులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికో తీసుకుపోయి అడగండి. కరీంనగర్ వైపువాళ్లకు జమ్మికుంటలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఫోన్‌లో ఫోటో చూపించడం కంటే ఆకు చూపించడం మేలు, ఆకు అడుగు ఫోటోలో సరిగ్గా కనబడదు.

కోతులు

వీటికి కషాయం లేదు. కారం నీళ్లు చల్లండి, అద్దాలు కట్టండి, పులి బొమ్మ పెట్టండి అని ఎవరెన్ని చెప్పినా వారం దాకే, తర్వాత కోతులు ఆ బొమ్మ మీదే కూర్చుంటాయి. మీ వాడకు మంద వచ్చే అలవాటుంటే రెండే దారులు. డబ్బు పెట్టగలిగితే పైపులతో చట్రం కట్టించి నాలుగువైపులా, పైనా ఇనుప జాలీ వేయించండి. తేనెటీగలు దూరేంత సందు ఉండాలి. ప్లాస్టిక్ వలను చింపేస్తాయి. అంత ఖర్చు వద్దనుకుంటే కాయలు వదిలేసి, అవి అంతగా పట్టించుకోని పసుపు, అల్లం, కరివేపాకు, పుదీన పెట్టుకోండి. వంకాయ, టమాట రెండు మూడు తొట్లు మాత్రం జాలీ ఉన్న బాల్కనీలోనో కిటికీ గ్రిల్ లోపలో ఎండ పడేచోట పెట్టుకోవచ్చు.